వాషింగ్ మెషీన్‌లో ముక్కవాసన: మూలం ఎక్కడుందో పట్టుకుని పోగొట్టే విధానం

వానాకాలం మొదలైందంటే చాలు, చాలామంది పాఠకులు అడిగే ప్రశ్న ఒక్కటే. బట్టలు చూడటానికి శుభ్రంగానే ఉంటాయి, ఆరిన తరువాత కూడా ఫరవాలేదనిపిస్తాయి, కానీ స్నానం చేసి తువ్వాలుతో ఒళ్లు తుడుచుకునేసరికి ముక్కవాసన గుప్పుమంటుంది. మెషీన్ తలుపు తీసినా అదే వాసన. దీనికి విరుగుడుగా కొందరు సబ్బు పొడి ఎక్కువ వేస్తున్నామని, మరికొందరు సువాసన ద్రవం రెండింతలు పోస్తున్నామని రాస్తున్నారు. ఈ రెండు పనులూ వాసనను తగ్గించకపోగా పెంచుతాయి కనుక, ముందు ఆ రెండూ ఆపి, కింద చెప్పిన వరుసలో పని మొదలుపెట్టండి.

కారణం క్లుప్తంగా చెబుతాను. బట్టల మురికి, ఒంటి జిడ్డు, కరగకుండా మిగిలిన సబ్బు, నూలు పోగులు అన్నీ కలిసి డ్రమ్ము వెనుక, రబ్బరు మడతల్లో, పైపుల్లో పలుచని జిగట పొరలా పేరుకుంటాయి. అక్కడ తడి ఆరకుండా ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఉతికిన బట్టల్లో వచ్చే ఈ ముక్కవాసనకు మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా ముఖ్య కారణమని జపాన్ పరిశోధకులు 2012లో ప్రచురించారు. ఇది ఎండుదనాన్ని బాగా తట్టుకుంటుంది కాబట్టే, బట్ట ఆరినప్పుడు వాసన లేనట్టే ఉండి, మళ్లీ తడవగానే తిరిగి వస్తుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో దీనికి ఉప్పు గార కూడా తోడవుతుంది. బకెట్ అంచున తెల్లగా కట్టే గారే డ్రమ్ము వెనుక కూడా కడుతుంది, ఆ గరుకు పొరను పట్టుకుని జిడ్డు మరింత గట్టిగా నిలుస్తుంది.

ముందు వాసన ఎక్కడిదో తేల్చుకోండి

ఈ పని చేయకుండా నేరుగా మందులు పోయడం వల్లనే చాలామంది శ్రమ వృథా అవుతోంది. మురుగు పైపు నుంచి వచ్చే వాసనకు డ్రమ్మును పదిసార్లు కడిగినా ప్రయోజనం ఉండదు.

రాత్రంతా తలుపు మూసి ఉంచి, ఉదయం తెరవగానే డ్రమ్ములో తల దగ్గరగా పెట్టి వాసన చూడండి. తడిసి మాగిన గోనెసంచి లాంటి వాసన అయితే తప్పు డ్రమ్ములో, రబ్బరులో, సబ్బు అరలో ఉన్నట్టు. కుళ్లిన గుడ్డు వాసన అయితే నీళ్లు బయటికి పోయే పైపును, నేల మీది నీళ్లు పోయే జాలీ కింద ఉండే నహానీ ట్రాప్‌ను అనుమానించండి. రబ్బరు మాడిన వాసన అయితే ఇది శుభ్రం చేసి పోగొట్టే వాసన కాదు. బెల్టో మోటారో వైరో వేడెక్కుతోందని అర్థం, వెంటనే ప్లగ్ తీసి మెకానిక్‌ను పిలవాలి.

మెషీన్ మంచిదే, నీళ్లలోనో ఆరబెట్టే చోటులోనో లోపం ఉందేమో అన్న సందేహం కలిగితే రెండు పాత తువ్వాళ్లు తీసుకోండి. రెండింటినీ వేడినీళ్లలో నానబెట్టి ఉతికి ఎండలో బాగా ఆరనివ్వండి. తరువాత ఒకదాన్ని బకెట్‌లో చేతితో, రెండోదాన్ని మెషీన్‌లో, ఒకే పొడితో మళ్లీ ఉతికి పక్కపక్కనే ఆరబెట్టండి. ఆరాక రెండింటినీ కొద్దిగా తడిపి గంటసేపు మడిచి పెట్టి, విప్పి వాసన చూడండి. మెషీన్ తువ్వాలు మాత్రమే వాసన వస్తే మెషీన్‌దే తప్పు. రెండూ వస్తే నీళ్లనో, ఆరబెట్టే పద్ధతినో చూసుకోవాలి.

కావలసినవి

- రబ్బరు చేతితొడుగులు, పాత టూత్‌బ్రష్‌లు రెండు, మెత్తని నూలు గుడ్డలు, చెవిలో పెట్టుకునే దూది పుల్లలు
- వెడల్పాటి పళ్లెం లేదా లోతు తక్కువ బేసిన్, టార్చిలైటు
- పాత్రలు తోమే ద్రవం కొద్దిగా
- నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 100 గ్రాములు, లేదా మెషీన్ల కోసం అమ్మే, గార తీసే డీస్కేలింగ్ పొడి
- ఆక్సిజన్ బ్లీచ్ పొడి 100 గ్రాములు. పొట్లం మీద సోడియం పర్‌కార్బొనేట్ అని ఉందో లేదో చూసి కొనండి
- రబ్బరు మీద నల్ల బూజు మచ్చలు ఉంటే మాత్రమే, క్లోరిన్ బ్లీచ్ ద్రవం కొంచెం

పైన చెప్పిన కొలతలు మామూలు ఇంటి మెషీన్‌కు సరిపోతాయి. మీ మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో వేరే కొలత ఉన్నా, ఫలానా పదార్థం వాడవద్దని రాసి ఉన్నా, ఆ మాటనే పాటించండి. కొన్ని మోడళ్లలో డ్రమ్మును కడిగే డ్రమ్ క్లీన్ ఎంపిక పెట్టినప్పుడు ఏ పొడీ వేయవద్దని స్పష్టంగా ఉంటుంది.

ప్రాణానికి సంబంధించిన హెచ్చరిక

క్లోరిన్ బ్లీచ్‌ను నిమ్మ ఉప్పుతో గానీ, వెనిగర్‌తో గానీ, టాయిలెట్ కడిగే యాసిడ్‌తో గానీ ఎట్టి పరిస్థితిలోనూ కలపకండి. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది; తలుపు మూసిన చిన్న స్నానాలగదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లతో కలిపినా విషవాయువే వస్తుంది. ఒకటి వాడిన రోజున రెండోది వాడకుండా, మధ్యలో కనీసం ఒకసారి వట్టి నీళ్లతో మెషీన్ తిప్పి, మరో రోజున రెండోది వాడండి. టాయిలెట్ యాసిడ్‌ను ఒంటరిగానైనా మెషీన్‌లో పోయకూడదు, అది లోహ భాగాలను తినేస్తుంది.

ఫ్రంట్ లోడ్ మెషీన్: వరుసగా చేయవలసినవి

1. స్విచ్ కట్టేసి ప్లగ్ తీసేయండి, నీళ్ల కుళాయి మూసేయండి. అప్పుడే వేడినీటి ఉతుకు అయి ఉంటే గంటసేపు ఆగండి, ఎందుకంటే మూడో మెట్టు తరువాత ఫిల్టర్ తీసినప్పుడు లోపలి వేడినీళ్లు చేతి మీద పడే ప్రమాదం ఉంది.

2. తలుపు రబ్బరును శుభ్రం చేయండి. వాసనలో పెద్ద భాగం ఇక్కడిదే కనుక తొందరపడకండి. రబ్బరు పెదవిని వేళ్లతో మీ వైపు లాగి, మడత లోపలికి టార్చి వేసి చూడండి. అడుగు భాగంలో బూడిదరంగు జిగురు, వెంట్రుకలు, నాణేలు, ఒక్కోసారి పిల్లల సాక్సు కూడా దొరుకుతాయి. అన్నీ తీసేసి, పాత్రలు తోమే ద్రవం కలిపిన గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డను వేలికి చుట్టి, మడత చుట్టూ పూర్తిగా తుడవండి. గుడ్డ తెల్లగా వచ్చేవరకు మళ్లీ మళ్లీ మార్చి తుడవాలి.

   రబ్బరు అడుగున, చాలా మోడళ్లలో, నీళ్లు జారిపోవడానికి రెండు మూడు చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి నూలు పోగులతో మూసుకుపోతే మడతలో నీళ్లు నిలిచిపోతాయి, ఎంత తుడిచినా వారంలో వాసన తిరిగి వస్తుంది. దూది పుల్లతో ఆ రంధ్రాలను తెరవండి. పిన్నీసు, సూది వాడితే రబ్బరు చిరిగి నీళ్లు కారడం మొదలవుతుంది.

   నల్ల మచ్చలు ఉంటే, ఒక వంతు క్లోరిన్ బ్లీచ్‌కు పది వంతుల చల్లటి నీళ్లు కలిపి, అందులో ముంచి పిండిన గుడ్డను మచ్చల మీద 15 నిమిషాలు ఉంచి, తరువాత మంచి నీళ్ల గుడ్డతో మూడు నాలుగు సార్లు తుడవండి. గది తలుపు, కిటికీ తెరిచే ఉంచాలి. ఈ పని చేసిన రోజున ఐదో మెట్టును వాయిదా వేయండి. పాత మచ్చలు కొన్ని రంగు మిగిల్చి అలాగే ఉండిపోవచ్చు. జిగట పోయి వాసన లేకపోతే ఆ రంగు వల్ల ఇబ్బంది లేదు, దాని కోసం స్టీలు పీచుతో రుద్దవద్దు.

3. సబ్బు అరను పూర్తిగా బయటికి లాగండి. మధ్యలో ఉండే చిన్న నొక్కుడు పలకను కిందికి అదిమితే అర మొత్తం వచ్చేస్తుంది. సువాసన ద్రవం పోసే గడి మీది చిన్న మూతను కూడా ఊడదీసి, అన్నిటినీ గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి బ్రష్‌తో తోమండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అర తీసిన ఖాళీలోకి టార్చి వేసి, పైకప్పు వైపు చూడండి: నీళ్లు చిమ్మే సన్నని రంధ్రాల చుట్టూ నల్లటి పాచి కనిపిస్తుంది. ప్రతి ఉతుకులోనూ మంచి నీళ్లు ఆ పాచి మీదుగానే బట్టల మీదికి దిగుతున్నాయి. దాన్ని బ్రష్‌తో తోమి, తడిగుడ్డతో తుడిచి తీయాలి.

4. పంపు ఫిల్టర్‌ను తీయండి. మెషీన్ ముందు వైపు, కింద మూలన చిన్న తలుపు వెనుక ఇది ఉంటుంది. కొన్ని మోడళ్లలో వాడేవారు తీయగలిగేలా ఉండదు. అలా ఉంటే ఈ మెట్టును మెకానిక్‌కు వదిలేయండి. పక్కన సన్నని గొట్టం ఉంటే ముందు దాని బిరడా తీసి నీళ్లు పళ్లెంలోకి వదలండి. తరువాత ఫిల్టర్ మూతను ఎడమవైపుకు నెమ్మదిగా తిప్పండి. ఒకేసారి ఊడదీస్తే నిలిచిన నీళ్లన్నీ నేల మీదికి వస్తాయి.

   మా ఇంట్లో రెండేళ్ల తరువాత మొదటిసారి ఈ మూత తీసినప్పుడు వచ్చిన నీళ్ల రంగు తేనీరులా ఉంది, వాసన ఇల్లంతా వ్యాపించింది. లోపల రెండు రూపాయి నాణేలు, ఒక పిన్నీసు, పూలదండ దారం, వాటన్నిటినీ చుట్టుకుని వేలెడు మందాన వెంట్రుకల ముద్ద ఉన్నాయి. అంతకు ముందు మూడు నెలలుగా డ్రమ్మును మాత్రమే కడుగుతూ, వాసన ఎందుకు పోవడం లేదో అర్థం కాక బాధపడ్డాము.

   ఫిల్టర్‌ను కుళాయి కింద బ్రష్‌తో కడిగి, అది కూర్చునే గుంతను కూడా గుడ్డతో తుడవండి. తిరిగి బిగించేటప్పుడు మర సరిగ్గా కూర్చుందో లేదో చూసి గట్టిగా తిప్పండి. తరువాత ఒకసారి జాడింపు మాత్రమే పెట్టి, మూత దగ్గర చుక్క కారుతోందేమో వేలితో తడిమి చూడాలి.

5. ఖాళీ మెషీన్‌ను వేడినీళ్లతో తిప్పండి. మీ ఇంటికి బోరు నీళ్లు వస్తుంటే ముందు గార తీయాలి: నిమ్మ ఉప్పు 100 గ్రాములను నేరుగా డ్రమ్ములో వేసి, 60 డిగ్రీల కాటన్ ఉతుకు పెట్టండి. ఇంకా వేడి పెడితే ఇంకా బాగా పోతుందనుకోవద్దు. మరీ వేడినీళ్లలో నిమ్మ ఉప్పు, గారలోని కాల్షియం కలిసి తిరిగి గట్టి పొరగా మారే అవకాశం ఉంది. మరుసటి రోజు ఆక్సిజన్ బ్లీచ్ పొడి 100 గ్రాములు వేసి మళ్లీ 60 డిగ్రీలలో తిప్పండి. ఇది జిడ్డునూ జిగట పొరనూ ఊడదీస్తుంది. చల్లటి నీళ్లలో ఈ పొడి సరిగా పనిచేయదు కాబట్టి వేడి తప్పనిసరి. కృష్ణా, మంజీర వంటి మున్సిపల్ నీళ్లే వాడే ఇళ్లలో, బకెట్లకు గార కట్టకపోతే, నిమ్మ ఉప్పు మెట్టు వదిలేసి నేరుగా ఆక్సిజన్ బ్లీచ్‌కు వెళ్లవచ్చు.

   వంట సోడా, వెనిగర్ రెండూ ఒకేసారి పోసే పద్ధతిని చాలామంది పాటిస్తున్నారు. పొంగు బాగా కనిపిస్తుంది కానీ ఆ పొంగులోనే రెండింటి బలం పోతుంది, మిగిలేది దాదాపు ఉప్పు నీళ్లే. నిమ్మ ఉప్పు దొరకనప్పుడు వెనిగర్ ఒక్కటే వాడవచ్చు గానీ, నెలనెలా వాడితే రబ్బరు భాగాలకు మంచిది కాదు.

6. ఉతుకు పూర్తయ్యాక రబ్బరు మడతను మళ్లీ తుడవండి. డ్రమ్ము వెనుక నుంచి ఊడిన పెచ్చులు వచ్చి అక్కడే చేరతాయి. ఆ తరువాత వట్టి నీళ్లతో ఒక జాడింపు పెట్టి, ఫిల్టర్‌ను మరోసారి చూడండి. ఏళ్ల తరబడి పేరుకున్న పొర ఒక్కసారికి పోకపోవచ్చు. ఊడిన ముక్కలు ఇంకా వస్తుంటే వారం తరువాత ఆక్సిజన్ బ్లీచ్‌తో మళ్లీ తిప్పాలి.

7. తలుపు, సబ్బు అర రెండూ తెరిచి రాత్రంతా ఆరనివ్వండి.

పూర్తి ఆటోమేటిక్ టాప్ లోడ్ మెషీన్

వీటిలో చాలావాటికి నీళ్లు వేడి చేసే ఏర్పాటు ఉండదు కాబట్టి వేడినీళ్లు మనమే పోయాలి. గీజరు నీళ్లు సరిపోతాయి. మరిగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ భాగాలు వంగిపోతాయి.

1. డ్రమ్ము గోడకు ఉండే నూలు పోగుల సంచిని తీసి, లోపలి వైపు తిరగేసి కడగండి. సంచి చిరిగి ఉంటే మార్చండి.

2. బకెట్లతో వేడినీళ్లు పోసి, నీటి మట్టాన్ని అన్నిటికంటే పై గీతకు పెట్టండి. బట్టలు తాకే మట్టం కంటే పైన, అంచు కింద పేరుకున్న పాచి తడవాలంటే ఇది అవసరం.

3. ఆక్సిజన్ బ్లీచ్ పొడి 100 గ్రాములు వేసి ఐదు నిమిషాలు తిప్పి, ఆపి, గంటన్నర నుంచి రెండు గంటలు నాననివ్వండి. కొన్ని మెషీన్లు ఎక్కువసేపు ఆపితే వాటంతట అవే నీళ్లు వదిలేస్తాయి. మీది అలాంటిదైతే నానబెట్టే ఎంపికను గానీ, టబ్ క్లీన్‌ను గానీ వాడండి.

4. మళ్లీ ఐదు నిమిషాలు తిప్పి మూత తీసి చూడండి. నానిన టీ పొడిలా నల్లటి, గోధుమరంగు పెచ్చులు పైకి తేలుతాయి. వాటిని అలాగే బయటికి వదిలితే కొన్ని పంపులో చిక్కుకుంటాయి, మరికొన్ని డ్రమ్ముకు మళ్లీ అంటుకుంటాయి. అందుకని పాత టీ వడపోతతో గానీ సన్నని జాలీతో గానీ దేవి తీసేయండి. పెచ్చులు తేలడం తగ్గేవరకు తిప్పడం, దేవడం మళ్లీ మళ్లీ చేయాలి.

5. నీళ్లు వదిలి, మంచినీళ్లతో రెండుసార్లు జాడింపు పెట్టి, సంచిని కడిగి బిగించి, మూత తెరిచి ఉంచండి.

సెమీ ఆటోమేటిక్ మెషీన్

ఉతికే తొట్టిలో పై పద్ధతినే పాటించండి. వేరుగా చూడవలసినవి రెండు ఉన్నాయి. ఒకటి, అడుగున తిరిగే చక్రం కింద పేరుకునే బురద. ప్లగ్ తీసేసి, చక్రం మధ్యలోని స్క్రూ విప్పి, చక్రాన్ని నిదానంగా పైకి లాగితే వచ్చేస్తుంది. కింద తోమి, కడిగి, మళ్లీ బిగించండి. స్క్రూ తుప్పు పట్టి కదలకపోతే బలవంతం చేయవద్దు. రెండు, నీళ్లు పోయే గొట్టం. చాలా సెమీ ఆటోమేటిక్ మెషీన్లలో పంపు ఉండదు, నీళ్లు వాలు మీదే పోతాయి. గొట్టం ఎక్కడైనా పైకి లేచి ఉన్నా, మెలి తిరిగి ఉన్నా తొట్టి అడుగున, గొట్టంలో మురికినీళ్లు నిలిచిపోయి, రెండు రోజుల్లో కంపు కొడతాయి. గొట్టాన్ని తీసి లోపల నీళ్లు చిమ్మి కడిగి, చివరివరకూ వాలుగా పరవండి. పిండే తొట్టిలోని జాలీ గిన్నెకూ బయటి తొట్టికీ మధ్య చిన్న రుమాళ్లు, సాక్సులు జారిపడి కుళ్లుతుంటాయి, అక్కడ కూడా టార్చి వేసి చూడండి.

మురుగు పైపు వాసన అయితే

నహానీ ట్రాప్‌లో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి ఉంటేనే మురుగు వాయువు పైకి రాకుండా ఆగుతుంది. వేసవి సెలవులకు ఊరెళ్లి రెండు మూడు వారాల తరువాత వచ్చిన ఇళ్లలో ఆ నీళ్లు ఆవిరైపోయి, వాసన మెషీన్ పైపు ద్వారా డ్రమ్ములోకి చేరుతుంది. రెండు చెంబుల నీళ్లు పోసి, గంట తరువాత వాసన తగ్గితే కారణం దొరికినట్టే. తగ్గకపోతే ట్రాప్ జాలీ ఎత్తి, లోపలి గిన్నెను తీసి కడిగి, సరిగ్గా కూర్చోబెట్టండి. నీళ్లు సరిగా పోవడం లేదని ఆ గిన్నెను తీసి పక్కన పడేసిన ఇళ్లు చాలా చూశాను. అక్కడ ఎన్ని మందులు వాడినా వాసన పోదు.

మెషీన్ గొట్టం చివర ట్రాప్ నీళ్లలో మునిగి ఉండకూడదు. మునిగి ఉంటే మురికినీళ్లు వెనక్కి ఎక్కే అవకాశం ఉంది. ఫ్రంట్ లోడ్ మెషీన్లలో గొట్టం చివర నేల నుంచి సాధారణంగా 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలని చెబుతారు. మీ పుస్తకంలోని అంకెను చూసుకోండి. బ్రిటన్‌లో ఉండే మనవాళ్ల ఇళ్లలో మెషీన్ వంటగదిలో ఉండి, దాని గొట్టం సింకు కింది పైపుకు కలిసి ఉండటం మామూలే. అలాంటప్పుడు గొట్టాన్ని సింకు అడుగు దాకా ఎత్తి, అక్కడ కట్టి, తరువాత కిందికి దించాలి. లేకపోతే పాత్రలు కడిగిన జిడ్డు నీళ్లు డ్రమ్ములోకి వస్తాయి. ఆ వాసన కూర వాసనలా ఉంటుంది కనుక గుర్తుపట్టడం తేలిక.

ఇప్పటికే వాసన పట్టిన బట్టలు

మెషీన్‌ను శుభ్రం చేసి, పాత తువ్వాళ్లనే మళ్లీ అందులో వేస్తే వాసన కూడా వాటితోపాటే తిరిగి వస్తుంది. బకెట్ వేడినీళ్లలో రెండు పెద్ద చెంచాల ఆక్సిజన్ బ్లీచ్ పొడి కలిపి, నూలు తువ్వాళ్లు, దుప్పట్లు, లుంగీలు గంటసేపు నానబెట్టి, తరువాత మామూలుగా ఉతకండి. పట్టు, ఉన్ని, జరీ బట్టలకు ఇది పనికిరాదు. రంగు దిగే బట్టలను ముందు ఒక మూల తడిపి చూసుకోండి.

తలంటుకున్న రోజు తువ్వాళ్లు, నూనె రాసుకున్న తల ఆనే దిండు గలేబులు, వంటింటి మసిగుడ్డలు మన ఇళ్లలో జిడ్డుకు పెద్ద ఆధారాలు. 15 నిమిషాల చల్లటి ఉతుకులో ఆ నూనె కరగదు, బట్టను వదిలినంత మేరకు డ్రమ్ముకు అంటుకుంటుంది. వీటిని వేరుగా పెట్టి వారానికి ఒకసారి 60 డిగ్రీలలో ఉతికితే, బట్టలతోపాటు మెషీన్ కూడా శుభ్రపడుతుంది.

ఫలితం సరిచూసుకోవడం ఎలా

మెషీన్‌లో బట్టలు, పొడి ఏమీ వేయకుండా వేడినీళ్లతో తిప్పి, పది నిమిషాల తరువాత అద్దంలోంచి చూడండి. నురగ కనిపిస్తే అది ఇన్నాళ్లుగా లోపల పేరుకున్న సబ్బు. నురగ పూర్తిగా పోయేవరకు ఇలాగే మరోసారి తిప్పాలి. ఈ పరీక్ష మీరు వేసే పొడి మోతాదు ఎక్కువో కాదో కూడా చెబుతుంది: శుభ్రం చేసిన నెలకే మళ్లీ నురగ వస్తుంటే మోతాదును మూడో వంతు తగ్గించండి.

తెల్లని పొడి రుమాలును వేలికి చుట్టి రబ్బరు మడతలో ఒక చుట్టు తిప్పండి. బూడిదరంగు మరక, జిగట తగలకూడదు. రాత్రంతా తలుపు మూసి ఉంచి ఉదయం వాసన చూడండి. మొదట్లో చెప్పిన రెండు తువ్వాళ్ల పరీక్షను మళ్లీ చేయండి. బట్టల విషయంలో నమ్మకమైన గుర్తు ఇస్త్రీ. వేడి తగలగానే దాగిన ముక్కవాసన లేస్తుంది. ఇస్త్రీలో కూడా వాసన రాకపోతే పని పూర్తయినట్టే.

వాసన చూసేటప్పుడు సువాసన ద్రవం వేసిన బట్టలతో చూడవద్దు. పై వాసన కింది వాసనను కప్పేస్తుంది, రెండు వారాల తరువాత అసలు సంగతి బయటపడుతుంది.

మళ్లీ రాకుండా ఉండాలంటే

ఉతుకు అయిన వెంటనే బట్టలు తీసేయండి. రాత్రి మెషీన్ వేసి ఉదయం తీసే అలవాటు ఉంటే, పని మొదలయ్యే సమయాన్ని వాయిదా వేసే బొత్తాన్ని వాడి, మీరు లేచే వేళకు ఉతుకు ముగిసేలా పెట్టుకోండి. మాసిన బట్టలను డ్రమ్ములో పోగు చేయవద్దు. చెమట బట్టలకు వెదురు బుట్టో, గాలి ఆడే జాలీ బుట్టో కావాలి.

ఉతుకు తరువాత రబ్బరు మడతను ఒక పొడిగుడ్డతో తుడిచి, తలుపును జానెడు తెరిచి ఉంచండి. ఇంట్లో చిన్న పిల్లలు ఉంటే ఇక్కడ చాలా జాగ్రత్త అవసరం: పిల్లలు డ్రమ్ములోకి దూరి తలుపు పడిపోయే ప్రమాదం ఉంది. అలాంటి ఇళ్లలో గంట రెండు గంటలు మీరు చూస్తుండగా ఆరనిచ్చి, తరువాత తలుపు మూసి చైల్డ్ లాక్ పెట్టండి. ఆ కాస్త సమయంలో బాగా ఆరాలంటే రబ్బరుతోపాటు డ్రమ్మును కూడా తుడవాలి.

జిప్పు ఉన్న ప్లాస్టిక్ కవరు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దుమ్ము పడకూడదని, బాల్కనీలో వాన తగలకూడదని తడి మెషీన్‌కు వెంటనే కవరు తొడిగేస్తున్నారు. లోపలి చెమ్మ అంతా అందులోనే ఉడికిపోతుంది. మెషీన్ పూర్తిగా ఆరాకే కవరు తొడగాలి.

ఫ్రంట్ లోడ్ మెషీన్‌కు చేతి ఉతుకు పొడి వాడవద్దు. దాని నురగ ఎక్కువ, జాడింపులో పూర్తిగా పోదు. ఫ్రంట్ లోడ్ కోసమని రాసి ఉన్న తక్కువ నురగ పొడి గానీ ద్రవం గానీ వాడండి. గట్టి బోరు నీళ్లకు పొడి కొంచెం ఎక్కువ కావాలన్నది నిజమే కానీ, పొట్లం మీద ఇచ్చిన కొలతను దాటవలసిన అవసరం లేదు. సువాసన ద్రవం తప్పనిసరి కాదు. మానేస్తే తువ్వాళ్లు నీళ్లు బాగా పీల్చుకుంటాయి, మెషీన్‌లో జిడ్డు పొర కూడా తగ్గుతుంది.

పంపు ఫిల్టర్‌ను, సబ్బు అరను నెలకొకసారి, ఖాళీ వేడినీటి ఉతుకును నెలకొకసారి, నిమ్మ ఉప్పును బోరు నీళ్ల ఇళ్లలో రెండు మూడు నెలలకు ఒకసారి పెట్టుకుంటే సరిపోతుంది. వానాకాలంలో బట్టలు రెండుసార్లు పిండి, వరుసల మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ వదిలి, ఫ్యాను కింద ఆరబెట్టండి. మెషీన్ ఎంత శుభ్రంగా ఉన్నా, రెండు రోజులు తడిగా ఉన్న బట్ట వాసన పట్టి తీరుతుంది.

మెకానిక్‌ను ఎప్పుడు పిలవాలి

పైన చెప్పినవన్నీ రెండు విడతలు చేసినా ముక్కవాసన పోకపోతే, ఉతుకు అయ్యాక డ్రమ్ము అడుగున నీళ్లు నిలుస్తుంటే, లేదా రబ్బరు చిరిగి ఉంటే మెకానిక్‌ను పిలవండి. డ్రమ్మును విప్పి వెనుక వైపు కడగమని స్పష్టంగా అడగండి. చాలామంది వచ్చి ఒక పొడి పొట్లం వేసి తిప్పి వెళ్లిపోతారు, ఆ పని మీరు ఇప్పటికే చేశారు. విప్పినప్పుడు దగ్గరుండి, ఫ్రంట్ లోడ్ అయితే డ్రమ్ము వెనుక ఉండే మూడు కాళ్ల అల్యూమినియం పట్టీని చూపించమనండి. పేరుకున్న సబ్బు, తేమ ఏళ్ల తరబడి దాన్ని తినేస్తాయి, పగుళ్లు కనిపిస్తే కడిగించడానికి డబ్బు ఖర్చు పెట్టే ముందు ఆ పట్టీ మార్చడానికి ఎంతవుతుందో అడిగి తెలుసుకోండి.